సంక్రాంతి సేకరణ పోటీ: మూడు రోజుల ఆటకి టేబుల్, పాయింట్లు ఎట్ల పెట్టాలి?

కోనేటిమెట్టు (తిరుపతి)

అందరికీ నమస్తే. మా రోల్‌ప్లే సర్వర్‌లో ఈ సంక్రాంతికి పంటల పండగ పేరుతో సేకరణ పోటీ పెడతా ఉన్నాము. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో రాతతో నడిచే ఆట. నియమాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే ఆట) 5వ ఎడిషన్‌వే, లోకం మాత్రం మాది: శేషాచలం లాంటి కొండ వరస, దాని కింద చెరువులున్న పల్లెలు. 24 మంది పేర్లు ఇచ్చినారు, క్యారెక్టర్లు 3 నుంచి 5వ లెవెల్ మధ్య ఉన్నాయి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఆట తెరిచే ఉంటుంది.

ఇప్పటికి అనుకున్నది ఇది. ఎవరైనా ఎన్నిసార్లయినా అడవికి పోవచ్చు. పోయిన ప్రతిసారీ ఒక డి20 (ఇరవై ముఖాల పాచిక) వెయ్యాలి. 10 దాటితే ఒక వస్తువు, 20 పడితే అరుదైన వస్తువు. చివరికి ఎవరి గంపలో ఎక్కువ ఉంటే వాళ్ళది గెలుపు. వస్తువులేమో వరికంకులు, చెరకు, గుమ్మడికాయలు, రేగిపళ్ళు.

ఇది ఇట్లే పెడితే పొద్దస్తమానం ఫోన్ పట్టుకున్నవాళ్ళే గెలుస్తారు. పండగ మూడు రోజులూ ఇంట్లో పనులుండేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, వెనకబడిపోతారు. అమెరికాలో ఉండేవాళ్ళు ఐదుగురు ఉన్నారు, వాళ్ళకి రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా తేల్చాలి. ఇంకో సంగతి, మా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు తెలిసిన పాత్ర) ఆడే తమ్ముడు 'లొకేట్ యానిమల్స్ ఆర్ ప్లాంట్స్' మంత్రం వాడతానని ఇప్పుడే అడుగుతా ఉన్నాడు. ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు లెక్కతో సహా చెప్పండి.

చెరువుకట్ట (పీలేరు)

పాచికల సంగతి తర్వాత చూద్దాం సామీ, ముందు ఏం సేకరిస్తారో తేల్చండి. వరికంకి, చెరకు, గుమ్మడి చేలో పండేవి. వాటికి రైతు ఉంటాడు. అడవికి పోయి ఏరుకొచ్చేవి కావు అవి. అందుకే మీ టేబుల్ (ఏ అంకెకి ఏ వస్తువు అనే జాబితా) ఏ దేశం పండగకైనా సరిపోయేటట్టు ఉండాది.

మన పక్క కనుమ పొద్దున పల్లెల్లో నిజంగా జరిగే సేకరణ ఒకటుండాది: ఉప్పుచెక్క. తెల్లారే అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మోదుగ పూలు, నల్లేరు, మారేడు కాయలు తెచ్చి, కత్తితో సన్నంగా నరికి, ఉప్పు దండిగా వేసి రోట్లో దంచుతారు. అది పశువులకి పండగ మందు. మీ పోటీకి ఇంతకంటే మంచి వెన్నెముక దొరకదు. ఐదు సరుకులు, అన్నీ ఒకే చోట దొరకవు, అన్నీ చేరితేనే పని అవుతుంది. గంప బరువు లెక్క తీసేసి, ఐదు సరుకుల పొట్లం పూర్తయిందా లేదా అన్నదే పోటీగా పెట్టండి.

ఎక్కడేం దొరుకుతుందో రాసుకోండి. ఏరుమద్ది, నేరేడు వాగు గట్టున. నల్లేరు కంచెల మీద, గట్ల కంప మీద పాకి ఉంటుంది. మారేడు, మోదుగ మెట్ట నేలల్లోనూ కొండవాలు మీదా. మోదుగ నిండా పూసేది శివరాత్రి వైపు. కనుమ నాటికి యాడో ఒక కొమ్మకే పూలుంటాయి. కాబట్టి మీకు అరుదైన వస్తువు కావాలంటే అదే పెట్టండి. దాని అరుదుదనానికి ఋతువే కారణం, వేరే కథ అల్లే పనిలేదు.

నల్లేరు పచ్చిది పట్టుకుంటే చేతులు దురద పెడతాయి. ఇంట్లో పచ్చడికి కోసేవాళ్ళు అరచేతులకి నూనె రాసుకునేది అందుకే. ఇది ఆటలోకి తెండి. చెక్క తీసేదానికీ ఒక పద్ధతి ఉండాది: మాను చుట్టూరా చెక్క వలిస్తే మాను ఎండిపోతుంది. ఒక పక్క అరచేయంత మాత్రమే తియ్యాల. చుట్టూ వలిచినానని రాసినవాళ్ళకి ఆ సరుకు ఇవ్వొద్దు.

ఎర్రచందనం మాత్రం టేబుల్‌లో బహుమతిగా పెట్టొద్దు. మన లోకంలో కొండలుంటే ఎవరో ఒకరు అడుగుతారు. దుంగ ముట్టుకుంటే గంప మొత్తం అటవీ కాపలావాళ్ళు తీసుకుంటారని ముందే రాసి పెట్టండి. అట్లే, నిజం అడవిలో మొక్క ఫోటో తీసి పంపితే అదనపు పాయింటు అనే ఆలోచన వస్తే ఒప్పుకోవద్దు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం, కొమ్మ విరవడం నేరం. పోటీ పేరు చెప్పి పిల్లల్ని అటు తోలొద్దు.

రెండుపాచికలు (చిత్తూరు)

పైన చెప్పిన ఐదు సరుకులకీ లెక్క కడతాను.

డి20 వదిలెయ్యండి. అందులో ప్రతి అంకెకీ 5 శాతమే, 20కీ అంతే, 7కీ అంతే. 24 మంది తలా 9 సార్లు వేస్తే మొత్తం 216 రోల్స్. అందులో 20 పడేవి సగటున 11 దాకా ఉంటాయి. పదకొండు మంది చేతిలో ఉన్న వస్తువు అరుదైనది కాదు. అదే 2డి6 (ఆరు ముఖాల పాచికలు రెండు) వాడితే 12 పడేది 36లో ఒక్కసారి, అంటే మొత్తం పోటీలో 6. మధ్య అంకెలు ఎక్కువ పడతాయి కాబట్టి మామూలు సరుకు, అరుదైన సరుకు తేడా సహజంగా వస్తుంది.

ఆటగాడు ముందు చోటు ఎంచుకోవాలి, తర్వాత 2డి6 వెయ్యాలి.

2, 3: ఏమీ రాదు (36లో 3)
4, 5, 6: ఎండు కంప ఒక మోపు (36లో 12)
7, 8: ఆ చోటి మామూలు సరుకు (36లో 11)
9, 10, 11: ఆ చోటి అరుదైన సరుకు (36లో 9)
12: ఐదింటిలో కోరుకున్నది (36లో 1)

వాగు గట్టున మామూలుది నేరేడు, అరుదైనది మద్ది. కొండవాలున మామూలుది మారేడు, అరుదైనది మోదుగ. కంచె దగ్గర 7 నుంచి 11 దాకా అంతా నల్లేరే. కానీ అక్కడ రెండు పాచికలూ ఒకే అంకె చూపిస్తే దురద పట్టినట్టు, తర్వాతి రోల్ పోతుంది. అట్లా పడేది ఆరింటిలో ఒకసారి. చేతులకి నూనె రాసుకున్నానని రోల్‌కి ముందే పోస్టులో రాసినవాళ్ళకి దురద లేదు. చదివి ఆడేవాళ్ళకి దక్కే లాభం అది.

తలా 9 రోల్స్ అని ఎందుకన్నానంటే: వాగు గట్టున రెండు సరుకులూ దొరకాలంటే సగటున ఐదున్నర రోల్స్, కొండవాలున ఇంకో ఐదున్నర, కంచె దగ్గర సుమారు రెండు. 12 పడే అవకాశం పక్కన పెడితే మొత్తం దాదాపు 13. అంటే 9 రోల్స్‌తో ఒంటరిగా పొట్లం నింపడం చాలామందికి కుదరదు. ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. పండగ ఆటకి కావాల్సింది అదే కదా. 15 రోల్స్ ఇస్తే ఎవరి పాటికి వాళ్ళు పూర్తి చేసుకుని పోతారు, ఇంకొకరితో మాట్లాడే అవసరమే రాదు.

సర్వైవల్, నేచర్ (అడవి నైపుణ్యాల) బోనస్‌లు ఈ రోల్‌కి కలపనివ్వొద్దు. ఇట్లాంటి పోటీలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అడవి తెలిసిన 5వ లెవెల్ రేంజర్‌కి సర్వైవల్ +7 కూడా ఉండొచ్చు. 2డి6కి 7 కలిపితే అతి తక్కువ ఫలితమే 9. అతనికి ఖాళీ చేతులు అనేదే ఉండదు, మిగిలినవాళ్ళు రెండో పూటకే ఆసక్తి వదిలేస్తారు.

కోనేటిమెట్టు (తిరుపతి)

ఉప్పుచెక్క సంగతి అద్భుతంగా కుదిరింది అన్నా, అదే పెడతాము. మార్పిడిలో ఒక భయం ఉంది. ఒకరి స్నేహితులు నలుగురూ తమ సరుకంతా అతనికే ఇచ్చేస్తే? రెండో అకౌంట్ తెరిచి దానితో సేకరించి తనకే పంపుకుంటే? డ్రూయిడ్ మంత్రం ప్రశ్న కూడా అట్లే మిగిలింది.

రెండుపాచికలు (చిత్తూరు)

బహుమానంగా ఇవ్వడం వద్దు, మార్పిడి మాత్రమే. ఒకటికి ఒకటి, వేర్వేరు సరుకులు. ఒక్కొక్కరికి 3 మార్పిడులు. ఎందుకు మూడంటే, 9 రోల్స్ వాగు గట్టునే వేసినవాడికి సగటున 5 సరుకులు వస్తాయి, నేరేడు, మద్ది కలిపి. తనకి కావాల్సినవి ఒక్కొక్కటి ఉంచుకుంటే మిగిలేవి 3. తనకి లేనివీ 3. రెండో మార్పిడి దగ్గరే ఆపితే పొట్లం నిండదు, ఐదారు వదిలితే ఒకడి చుట్టూ గుంపు కడతారు. ఒకటికి ఒకటి అన్నప్పుడు రెండో అకౌంట్ వల్ల కూడా పెద్దగా లాభం లేదు. దాని పొట్లం ఖాళీ చేసి తనది నింపుకోవాలన్నా బదులు ఏదో ఇవ్వాల్సి వస్తుంది. అయినా పేర్ల జాబితా భోగికి ముందు రోజే మూసెయ్యండి.

12 పడేవి పక్కన పెడితే, అందరూ కూడబలుక్కుని ఆడితే 216 రోల్స్‌కి 22 పొట్లాల దాకా సరుకు వస్తుంది. ఆచరణలో అంత పొందిక ఉండదు, తక్కువే పూర్తవుతాయి.

మంత్రానికి: అది 5 మైళ్ళలోపు ఉన్న దగ్గరి మొక్క ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెబుతుంది. కోసి చేతికివ్వదు. కాబట్టి వాడనివ్వండి. కాకపోతే ఫలితం ఒక్కటే: మొత్తం పోటీలో ఒకసారి, తప్పిన రోల్ మళ్ళీ వేసుకోవచ్చు. రేంజర్‌కీ, వైద్యం తెలిసిన క్యారెక్టర్‌కీ, అడవిలో పుట్టిన యక్షుడికీ ఇదే వరం ఇవ్వండి. ఏ సామర్థ్యమూ లేని ఫైటర్‌కి సంతలో నాలుగో మార్పిడి ఇస్తే తూకం సరిపోతుంది.

రాత్రికాపలా (తిరుపతి)

నడిపించే పద్ధతి గురించి రాస్తాను. నియమాలు ఎంత బాగున్నా ఛానెళ్ళు సరిగ్గా లేకపోతే గొడవలు వస్తాయి.

మూడు ఛానెళ్ళు పెట్టండి. 'అడవి'లో కథ పోస్టులు, 'పాచికలు'లో డైస్ బాట్ (పాచికలు వేసిపెట్టే ప్రోగ్రాం), 'సంత'లో మార్పిడులు. స్లో మోడ్ (ఒకరు పోస్టు పెట్టాక ఇంకోటి పెట్టేదానికి ఆగాల్సిన గడువు) 'అడవి'కి మాత్రమే. సంతకి కూడా పెడితే బేరం నడవదు.

స్లో మోడ్‌లో గరిష్ఠం 6 గంటలు. చూడగానే అదే బాగుందనిపిస్తుంది, కానీ ఇక్కడ పనికిరాదు. భోగి ఉదయం 6 నుంచి కనుమ సాయంత్రం 6 దాకా 60 గంటలు. 6 గంటలకొకటి చొప్పున 10 పోస్టులకే చోటుంటుంది. మధ్యలో రెండు రాత్రుళ్ళు నిద్రపోయేవాళ్ళకి 9 రోల్స్ పూర్తి కావు. 2 గంటలు పెట్టి, మొత్తం 9 అన్న హద్దుతో నడపండి. అప్పుడు తెల్లవారే లేచి ముగ్గు వేసి, వంట ముగించుకుని మధ్యాహ్నం వచ్చేవాళ్ళూ, రాత్రి 11కి వచ్చేవాళ్ళూ సమానమే. రోజుకింత అని విడిగా పెట్టొద్దు. అప్పుడు రోజు అంటే ఎవరి గడియారం ప్రకారం అన్న తగాదా పుట్టదు. భోగి ఉదయం 6 అంటే న్యూయార్క్ వైపు ముందు రోజు రాత్రి 7:30, కాలిఫోర్నియాలో సాయంత్రం 4:30. డిస్కార్డ్ టైమ్‌స్టాంప్‌తో ప్రకటన వేస్తే ఎవరి సమయం వాళ్ళకే కనబడుతుంది.

ప్రతి పోస్టు పైన రోల్ సంఖ్య రాయించండి: 4/9, 5/9 అని. లేకపోతే మూడో రోజు లెక్క పెట్టలేరు.

పాచికల దగ్గర జరిగే మోసం ఎక్కువగా ఒక్కటే. వాగు గట్టు అని రాసి, రోల్ చూశాక పోస్టు ఎడిట్ చేసి కొండవాలు అని మార్చడం. ఎడిట్ చేసినట్టు గుర్తు పడుతుంది గానీ పాత మాట ఏమిటో తెలియదు. దీనికి మందు: చోటు పేరు బాట్ ఆజ్ఞ పక్కనే వ్యాఖ్యగా రాయాలి. చాలా డైస్ బాట్‌లు ఆ వ్యాఖ్యని ఫలితంతో పాటు తిరిగి చూపిస్తాయి. ఆ మెసేజి బాట్‌ది కాబట్టి మామూలు సభ్యులు దాన్ని మార్చలేరు, తుడిచెయ్యలేరు. వ్యాఖ్య లేని రోల్ చెల్లదని మొదటి రోజే గట్టిగా చెప్పండి. ఒక్కరికి సడలిస్తే అందరూ అడుగుతారు.

లెక్కకి ఒక షీట్ చాలు. అడ్డం వరసలో ఐదు సరుకులు, కంప మోపులు, మార్పిడులు. రాసే అధికారం ఇద్దరికే, చూసే అధికారం అందరికీ. మార్పిడి చెల్లాలంటే ఇద్దరూ సంతలో 'సరే' అని రాయాలి. ఒకరి మాట మీద షీట్ మార్చొద్దు. మోడరేటర్లకి సాధారణంగా స్లో మోడ్ అడ్డు పడదు కాబట్టి వాళ్ళు పోటీలో ఆడకపోవడమే మంచిది.

కలంపోటు (శ్రీకాళహస్తి)

పాచికల మీదే ఇంత చర్చ జరిగింది, రాత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది రోల్‌ప్లే కదండీ. బాగా రాసినవాళ్ళకి రోల్‌కి +1 ఇస్తే రాత మీద శ్రద్ధ పెరుగుతుంది.

రెండుపాచికలు (చిత్తూరు)

శ్రద్ధ పెరగాలన్నది నిజమే అక్కా, కానీ +1 రూపంలో వద్దు. 9 లేదా ఎక్కువ పడే అవకాశం 36లో 10 నుంచి 15కి పోతుంది. అంటే ఒక్క అంకెతో అరుదైన సరుకు వచ్చే వీలు ఒకటిన్నర రెట్లు. ఆ నిర్ణయం ఒక మనిషి అభిరుచి మీద ఆధారపడితే, ఓడినవాళ్ళు పాచికని కాదు, న్యాయనిర్ణేతని తప్పుపడతారు. ఫోన్‌లో తెలుగు టైపింగ్ నెమ్మదిగా వచ్చేవాళ్ళకీ అన్యాయం. మూడు వాక్యాలు తప్పనిసరి చెయ్యండి: ఎక్కడికి పోయారు, ఏం కనబడింది, ఎట్ల కోశారు. మంచి రాతకి వేరే బహుమతి పెట్టి, ఆటగాళ్ళ ఓటుతోనే ఇవ్వండి. తన పోస్టుకి తాను ఓటు వెయ్యకూడదు.

కలంపోటు (శ్రీకాళహస్తి)

వేరే బహుమతి అయితే నాకు సమ్మతమే. ఆ ఓటు కనుమ రాత్రి కాకుండా రోజుకొకటి పెట్టండి. చివర్లో ఒకేసారి పెడితే భోగి నాటి పోస్టులు ఎవరికీ గుర్తుండవు, పైకి స్క్రోల్ చేసి చదివేవాళ్ళూ ఉండరు. 'ఎట్ల కోశారు' అన్న మూడో వాక్యం మాత్రం వదలొద్దు, పోస్టుకి ప్రాణం వచ్చేది అక్కడే.

చెరువుకట్ట (పీలేరు)

ముగింపు గురించి. పొట్లం నిండగానే పోటీ అయిపోయిందంటే సగం పండగ పోయినట్టే. ఉప్పుచెక్క దంచేది గంపలో పెట్టుకునేదానికి కాదు. కనుమ సాయంత్రం 6 నుంచి ముక్కనుమ ఉదయం 6 దాకా రెండో అంకం పెట్టండి. అమెరికావాళ్ళకి అది పగటిపూట, అందరూ కలిసే అవకాశం.

ముందు దంచడం. ఉప్పు సేకరణలో పెట్టొద్దు, పల్లె అంగట్లో కొనాల. నియమాల పుస్తకం ప్రకారం ఒక పౌను ఉప్పు 5 రాగి నాణేలు. దంచేదానికి పాచిక వెయ్యక్కర్లేదు, ఇద్దరు క్యారెక్టర్లు రోలు దగ్గర కలిసి ఒక పోస్టు రాస్తే చాలు.

తర్వాత తినిపించడం. పశువు దాన్ని తనంతట తాను తినదు, ఘాటు అట్లాంటిది. నోరు తెరిచి, చేత్తో లోపలికి పెట్టాల, అదీ రెండు మూడు సార్లు. కాబట్టి ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు. లెక్క రెండుపాచికలన్న చెప్పాల. కొమ్ములకి రంగులు, మెడలో పట్టెడ, గంటలు అన్నీ ఇక్కడే రాయించండి. రంగంపేట పశువుల పండగలో మాదిరి కొమ్ములకి పలకలు కట్టి ఎద్దుల్ని వదలడం కూడా పెడదామని కొందరు అడగొచ్చు. దాన్ని ఇంకో రోజుకి వేరే ఆటగా ఉంచండి. అది మొదలైతే ఉప్పుచెక్క వైపు ఎవరూ చూడరు.

ఎండు కంప మోపులు పారెయ్యొద్దు. అవి ఊరిబయట చిట్లాకుప్పకి. కంపంతా వామి మాదిరి పేర్చి, పొద్దుగూకినాక నిప్పు పెట్టి, అక్కడే కాటమరాజుకి పొంగలి పెడతారు. పాచిక సరిగ్గా పడనోడి మోపు కూడా ఊరి కుప్పలోకి చేరుతుంది. ఆడిన ప్రతి ఒక్కరికీ పండగలో పాలు ఉండాల. పొంగలి అయినాక 'పొలి... పొలి' అని కేకేస్తా పొలాల మీద చల్లే దృశ్యం ఆట నడిపే డీఎం రాస్తే బాగుంటుంది.

ఒక జాగ్రత్త కూడా. ఇది ఆటలో సరుకు. ఇక్కడి కొలతలు చూసి ఎవరూ ఇంట్లో ఆవుకి మందు చెయ్యొద్దు, పశువుకి బాగలేకపోతే పశువుల డాక్టరు దగ్గరికే పోవాల.

రెండుపాచికలు (చిత్తూరు)

తినిపించడానికి 2డి6లో 8 లేదా ఎక్కువ. ఒక్క ప్రయత్నంలో 36లో 15. మూడు ప్రయత్నాల్లో కనీసం ఒకటి తగిలేది 80 శాతం. పక్కన ఇంకొకరు కొమ్ములు పట్టుకుంటే +1. అప్పుడు మూడింటిలో 93 శాతం. ఇక్కడ +1 ఇవ్వొచ్చు, ఎందుకంటే దాన్ని ఇచ్చేది తోటి ఆటగాడు, న్యాయనిర్ణేత కాదు. ఒక్కొక్కరు ఇద్దరికి మించి సాయం పట్టకూడదు.

చిట్లాకుప్పకి లక్ష్యం 50 మోపులు. అందరూ అన్ని రోల్స్ వేస్తే 72 దాకా వస్తాయి, కానీ ఐదో వంతు రోల్స్ ఎవరూ వాడక మిగిలిపోయాయనుకుంటే సుమారు 58. 70 అని పెడితే అందని లక్ష్యం అవుతుంది. 50 చేరితే 24 మందికీ తలా 3 పాయింట్లు.

పాయింట్లు: ప్రతి సరుకులో మొదటిదానికి 2, రెండోదానికి సున్న. పొట్లం నిండితే 5, తినిపిస్తే 5. కుప్పతో కలిపి గరిష్ఠం 23.

కోనేటిమెట్టు (తిరుపతి)

అయితే 23 దగ్గర చాలామంది సమానమవుతారు కదన్నా?

రెండుపాచికలు (చిత్తూరు)

అవుతారు. అప్పుడు ఎవరి పొట్లం తక్కువ రోల్స్‌లో నిండిందో వాళ్ళు ముందు. ఆ సంఖ్యని పొట్లం నిండిన క్షణంలోనే షీట్‌లో రాసి తాళం వెయ్యండి. మార్పిడితో నిండితే ఆ మార్పిడి నాటికి ఎన్ని రోల్స్ వేశారో అది. ఆ తర్వాత వేసేవి లెక్కలోకి రావు. ఇట్లా తాళం వెయ్యకపోతే, 6 రోల్స్‌లో పూర్తయినవాళ్ళు మిగిలిన మూడూ వాడకుండా కూర్చుంటారు, సంతకి సరుకు రాదు, కుప్పకి మోపులు రావు. ఆ సంఖ్య కూడా సమానమైతే ఇద్దరికీ బహుమతిగా పట్టెడ ఇచ్చెయ్యండి. అది అలంకారం మాత్రమే, దానికి ఏ శక్తీ పెట్టొద్దు. దాడికి +1 ఇచ్చే వస్తువు బహుమతిగా పెడితే పండగ అయ్యాక కూడా మీ ఆట తూకం తప్పుతుంది.